ఎత్తడం ఈజీ, దించడమే కష్టం: బాడీ స్లామ్ నుంచి పవర్‌బాంబ్ దాకా

ఈరోజు ఎపిసోడ్ రూములో కూర్చుని కాదు, మన వైజాగ్ బీచ్ రోడ్డు మీద నుంచి. వెనకాల అలల సౌండ్, మధ్యలో బైకు హారన్లు వినిపిస్తాయి, కొంచెం అడ్జస్ట్ అయిపోండి.

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, రెజ్లింగ్‌లో సూప్లెక్స్ అంటారు, స్లామ్ అంటారు, పవర్‌బాంబ్ అంటారు. నాకు అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఎత్తుతారు, పడేస్తారు. తేడా ఏంటి?" మంచి ప్రశ్న. దాని కిందే ఇంకొకడు, "మేం హాస్టల్లో పరుపులేసుకుని ట్రై చేశాం బ్రో, సూపర్ వచ్చింది, వీడియో పంపమంటావా?" అన్నాడు. ఆ మొదటి ప్రశ్నకి జవాబు చెప్దామనే ఈ ఎపిసోడ్. రెండో కామెంట్ చూసి భయమేసింది, అందుకే ఇంత తొందరగా చేస్తున్నాను. ఎందుకు భయమేసిందో చివర్లో చెప్తాను. అది నా సొంత కథ.

ముందు నా పక్కనున్న ఈ విగ్రహం చూడండి. రోజూ వేలమంది దీని పక్క నుంచి వాకింగ్‌కి పోతారు. ఎవరు అని అడిగితే చాలామంది "ఎవరో పహిల్వాన్" అంటారు. ఈయన కోడి రామమూర్తి నాయుడు గారు. 1882లో వీరఘట్టంలో పుట్టారు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. విజయనగరంలో పెరిగి, కసరత్తు చేసి, కుస్తీ పట్టి, స్కూల్లో వ్యాయామం మాస్టారుగా పనిచేసి, తర్వాత సొంతంగా సర్కస్ కంపెనీ పెట్టారు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టుకుని ఊపిరి బిగబట్టి తెంపేవారు. ఛాతీ మీద చెక్క పలక పెట్టించుకుని దాని మీద ఏనుగును నిలబెట్టించుకునేవారు. కలియుగ భీముడు అని పేరు. ఈ ఏనుగు విషయం గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాం.

ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకోండి. మా నాన్న ఇక్కడ పోర్టులో ఖలాసీగా పనిచేసేవారు. క్రేన్‌కి స్లింగులు కట్టే పని. చిన్నప్పుడు నేను క్రేన్ ఎత్తడం చూసి నోరెళ్ళబెట్టేవాణ్ణి. ఆయన అనేవారు, "ఎత్తడం ఏటుందిరా, మెషిను ఎత్తుతాది. దించడమే పని." అప్పుడు నాకు అర్థం కాలేదు. రెజ్లింగ్ చూడటం మొదలుపెట్టిన ఎన్నో ఏళ్ళకి అర్థమైంది.

సరే, సబ్జెక్ట్‌లోకి వచ్చేద్దాం.

మనం రోజూ మాట్లాడే తెలుగులో కుస్తీ మాటలు ఎన్ని ఉన్నాయో ఎప్పుడైనా గమనించారా? ఎలక్షన్ వస్తే "గోదాలోకి దిగాడు" అని పేపర్లో రాస్తారు. గోదా అంటే కుస్తీ పట్టే మట్టి బరి. "చిత్తుగా ఓడించాడు" అంటాం. చిత్ అంటే వెల్లకిలా. ఎదుటివాడి వీపు నేలకి తగిలిస్తే వాడు చిత్తు అయినట్టు. "మట్టి కరిపించాడు" అంటాం, అదీ గోదా మట్టే. అంటే మన దగ్గర గెలుపు అనే మాటకే అర్థం, ఎదుటివాణ్ణి ఎత్తి వీపు నేలకి ఆనించడం. టీవీలో చూసే రెజ్లింగ్‌లో రెఫరీ మ్యాట్ మీద కొట్టి వన్, టూ, త్రీ అంటాడు చూశారా, అప్పుడు కింద ఉన్నవాడి భుజాలు రెండూ నేలకి తగిలి ఉండాలి. అదీ చిత్తే. రూలు పాతదే, లైట్లు కొత్తవి.

ఇప్పుడు ఒక బేసిక్ తేడా. ఒలింపిక్స్‌లో ఆడే కుస్తీ వేరు, డబ్ల్యూడబ్ల్యూఈ లాంటి ప్రొఫెషనల్ రెజ్లింగ్ వేరు. ఒలింపిక్ కుస్తీలో ఎదుటివాడు ఎత్తనివ్వడు. ప్రాణం పెట్టి ఆపుతాడు. అందుకే అక్కడ ఎత్తి పడేస్తే పాయింట్లు ఎక్కువ. మామూలుగా కింద పడేసి కంట్రోల్ తెచ్చుకుంటే 2 పాయింట్లు. నిలబడ్డ చోటు నుంచి ఎత్తి, నేరుగా వీపు నేల వైపు తిరిగేలా పడేస్తే 4. గాల్లో పెద్ద వంపు తిప్పి వేస్తే 5. రష్యా నుంచి అలెగ్జాండర్ కరేలిన్ అని ఒకాయన ఉండేవాడు. 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌లో గోల్డ్. తనంత బరువున్న హెవీవెయిట్ మనిషి బోర్లా పడుకుని నేలకి అతుక్కుపోయినా, నడుం పట్టుకుని పైకి లేపి వెనక్కి విసిరేసేవాడు. ఆ పట్టుకి ఆయన పేరే పెట్టారు, కరేలిన్ లిఫ్ట్ అని. ఎత్తుతాడని భయపడి కొందరు ముందే వాళ్ళంతట వాళ్ళే వెల్లకిలా తిరిగిపోయేవాళ్ళు. అదీ ఆయన లెవెల్.

ప్రో రెజ్లింగ్‌లో ఎవరు గెలవాలో ముందే తెలుసు. అందుకని "అంతా ఫేక్ అన్నా" అని తీసిపారేస్తారు. రిజల్ట్ ముందే అనుకున్నది, అది కరెక్ట్. కానీ 110 కిలోల మనిషి ఆరు అడుగుల ఎత్తు నుంచి పడితే, భూమి ఆకర్షణకి స్క్రిప్ట్ తెలీదు కదా. లెక్క వేసుకోండి, ఆరు అడుగుల నుంచి పడితే నేలని తాకేటప్పటికి గంటకి సుమారు 21 కిలోమీటర్ల స్పీడు ఉంటుంది. సందులో స్కూటీ పోయే స్పీడు. ఆ స్పీడులో వీపుతో నేలని గుద్దుకోవాలి, లేచి మళ్ళీ నవ్వాలి, రేపు ఇంకో ఊర్లో మళ్ళీ పడాలి.

మరి పట్లు ఎన్ని రకాలు? వందల పేర్లు ఉన్నాయి. ప్రతి రెజ్లరూ ఒక చిన్న మార్పు చేసి కొత్త పేరు పెట్టుకుంటాడు. పేర్లు బట్టీ కొట్టొద్దు. మూడు ప్రశ్నలు వేసుకోండి చాలు. ఒకటి, ఎక్కడ పట్టుకున్నాడు? రెండు, ఎటువైపు విసిరాడు? మూడు, పడినవాడు ఏ భాగం మీద దిగాడు? ఈ మూడూ చూస్తే ఏ పట్టు అయినా దాని కుటుంబం తెలిసిపోతుంది.

మొదటి కుటుంబం, స్లామ్. అందరికీ తెలిసిన బాడీ స్లామ్. ఒక చెయ్యి కాళ్ళ మధ్య నుంచి, ఇంకో చెయ్యి భుజం మీద నుంచి వేసి, మనిషిని బస్తా ఎత్తినట్టు ఛాతీకి అడ్డంగా ఎత్తి, తిప్పి, వీపు మీద పడెయ్యడం. పోర్టులో బస్తాలు మోసేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. దీని రకాలు చూడండి. ఎత్తినవాడు కూడా పైన పడితే పవర్‌స్లామ్. ఎదురుగా పరిగెత్తుకొచ్చేవాణ్ణి అందుకుని గిర్రున తిప్పి వేస్తాడు చూశారా రాండీ ఆర్టన్, అది. అలా అడ్డంగా ఎత్తినవాణ్ణి ముందుకి కాకుండా తల మీదుగా వెనక్కి విసిరితే ఫాలవే స్లామ్.

చరిత్రలో అన్నిటికంటే ఫేమస్ స్లామ్ 1987 మార్చి 29న, రెజిల్‌మేనియా 3లో. హల్క్ హోగన్, ఆండ్రే ద జెయింట్‌ని ఎత్తాడు. ఆండ్రే బరువు 520 పౌండ్లు అని ప్రచారం చేశారు, అంటే దాదాపు 236 కిలోలు. జనం పిచ్చెక్కిపోయారు. కానీ అసలు విషయం ఏంటంటే, ఆండ్రేకి అప్పటికే వెన్ను బాగా దెబ్బతిని ఉంది. ఆయన ఒప్పుకోకపోతే ఆయన్ని ఎవరూ ఎత్తలేరు. ఎత్తనిచ్చాడు. ఆ నొప్పితోనే పడ్డాడు. క్రెడిట్ మొత్తం హోగన్‌కి పోయింది. మీరు ఆ వీడియో మళ్ళీ చూసేటప్పుడు ఈసారి హోగన్ కండలు చూడకండి, ఆండ్రేని చూడండి.

రెండో కుటుంబం, సూప్లెక్స్. ఇది అన్నిటికంటే పెద్ద కుటుంబం. మాట ఫ్రెంచ్ నుంచి వచ్చింది, ఒళ్ళు విల్లులా వంగడం అనే అర్థం ఉంది అందులో. మామూలు బాడీ స్లామ్‌లో ఎత్తేవాడు నిలబడే ఉంటాడు. సూప్లెక్స్‌లో ఎత్తేవాడు కూడా వెనక్కి పడతాడు. అదీ మెయిన్ తేడా. తన బరువునే తూకం రాయిలా వాడుకుంటాడు.

మామూలు వర్టికల్ సూప్లెక్స్ ఎలా అంటే, ఎదుటివాడి తలని ముందు నుంచి చంకలో ఇరికించుకుంటాడు, వాడి చేతిని తన మెడ మీద వేసుకుంటాడు, నడుం దగ్గర డ్రాయర్ పట్టుకుంటాడు, తలకిందులుగా నిలువునా లేపుతాడు, ఇద్దరూ కలిసి వెనక్కి పడతారు. ఇద్దరి వీపులూ ఒకేసారి నేలకి తగులుతాయి. ఆపకుండా టక్కున వేస్తే స్నాప్ సూప్లెక్స్. పైన కాసేపు అలాగే నిలబెట్టి, జనం అంకెలు లెక్కపెట్టాక వేస్తే డిలేడ్ సూప్లెక్స్. బ్రిటిష్ బుల్‌డాగ్ ఇందులో స్పెషలిస్టు. పట్టు వదలకుండా పొర్లి లేచి, వరసగా మూడు వేస్తే ఎడ్డీ గెరేరో త్రీ అమిగోస్. ఎదుటివాడి కాలు కూడా పట్టుకుని వేస్తే ఫిషర్‌మన్. రింగు మూల పైన నిలబడి వేస్తే సూపర్‌ప్లెక్స్. 2003లో బ్రాక్ లెస్నర్ బిగ్ షోకి సూపర్‌ప్లెక్స్ వేస్తే రింగే కూలిపోయింది, గుర్తుందా? అది ముందే ఏర్పాటు చేసుకున్నది. అయినా చూసిన రోజు మా వీధిలో కుర్రాళ్ళందరం రాత్రి నిద్రపోలేదు.

వెనక నుంచి నడుం చుట్టూ చేతులేసి, విల్లులా వంగి వెనక్కి వేస్తే జర్మన్ సూప్లెక్స్. దీన్ని ఫేమస్ చేసింది కార్ల్ గాచ్. ఆయన పుట్టింది బెల్జియంలో, కానీ రింగులో జర్మన్ అని చెప్పేవారు. జపాన్‌లో ఆయన వేసిన పట్టు కాబట్టి జర్మన్ సూప్లెక్స్ అయిపోయింది. చూశారా, పట్టు పేర్లలో కూడా ఎంత డ్రామా ఉందో. 1996 ఒలింపిక్స్‌లో గోల్డ్ కొట్టిన కర్ట్ యాంగిల్ ప్రో రెజ్లింగ్‌కి వచ్చాక వీటిని వరసపెట్టి వేసేవాడు. 2014 సమ్మర్‌స్లామ్‌లో లెస్నర్ జాన్ సీనాకి ఒక్క మ్యాచ్‌లో 16 జర్మన్ సూప్లెక్స్‌లు వేశాడు. పదహారు! అందరూ లెస్నర్ బీస్ట్ అన్నారు. నేను అడిగేది ఒక్కటే, 16 సార్లు కరెక్టుగా పడినవాడు ఎవడు?

మూడో కుటుంబం, భుజాల మీదకి ఎత్తేవి. దీన్ని ఇంగ్లీషులో ఫైర్‌మ్యాన్స్ క్యారీ అంటారు. మంటల్లో చిక్కుకున్నవాణ్ణి ఫైర్ వాళ్ళు భుజాల మీద వేసుకుని తెస్తారు కదా, ఆ పద్ధతి. మన కుస్తీలో ఇదే పట్టుని కలాజంగ్ అంటారు. మట్టి గోదాల్లో తరతరాలుగా ఉన్నదే. అక్కడి నుంచి పక్కకి దొర్లించి పడేస్తే జాన్ సీనా యాటిట్యూడ్ అడ్జస్ట్‌మెంట్. గిర్రున తిప్పి ముఖం మీద పడేలా విసిరితే లెస్నర్ ఎఫ్-5. భుజాల మీద వాడితో సహా తనూ వెనక్కి పడితే సమోవన్ డ్రాప్. ఎత్తింది ఒకేలా, దించింది మూడు రకాలు. 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో జరిగినప్పుడు సీనా కూడా వచ్చాడు. మన వైజాగ్ నుంచి కూడా కుర్రాళ్ళు ట్రైన్ ఎక్కి పోయారు.

మన కుస్తీలో ఇంకో అందమైన పట్టు ఉంది, ధోబీ పాట్. పేరులోనే ఉంది. ఎదుటివాడి చెయ్యి దొరకబుచ్చుకుని, వాడికి వీపు తిప్పి, భుజం మీదుగా ముందుకి లాగి వెయ్యడం. రేవులో బండ మీద బట్ట ఉతికేవాళ్ళు తడి దుప్పటిని భుజం మీదుగా తెచ్చి బండకేసి కొడతారే, అచ్చం అలాగే. జూడోలో ఇలాంటిదే ఉంది. ప్రో రెజ్లింగ్‌లో దీని చిన్న తమ్ముళ్ళు హిప్ టాస్, ఆర్మ్ డ్రాగ్. మ్యాచ్ మొదట్లో చకచకా వేసేవి. చూడ్డానికి సింపుల్ గానీ, రికీ స్టీమ్‌బోట్ వేసే ఆర్మ్ డ్రాగ్ చూస్తే డ్యాన్స్ చూసినట్టుంటుంది.

నాలుగో కుటుంబం, పవర్‌బాంబ్, చోక్‌స్లామ్. ఎదుటివాణ్ణి ముందుకి వంచి, తలని తొడల మధ్య పెట్టుకుని, నడుం పట్టి, భుజాల మీద కూర్చోబెట్టేంత ఎత్తుకి లేపి వీపు మీద కొట్టడం పవర్‌బాంబ్. కొడుతూ తనూ కూర్చుంటే బటిస్టా బాంబ్. ఇంకా పైకి, చేతులు చాచినంత ఎత్తుకి లేపితే అండర్‌టేకర్ లాస్ట్ రైడ్. చోక్‌స్లామ్ అయితే ఒక్క చేత్తో గొంతు పట్టి ఎత్తినట్టు కనిపిస్తుంది. నిజానికి గొంతు మీద బరువు పడదు. ఇంకో చెయ్యి వీపు కింద ఉంటుంది. పడేవాడు ఎత్తేవాడి మణికట్టు గట్టిగా పట్టుకుని, టైమ్ చూసి తనే ఎగురుతాడు. మన గ్రేట్ ఖలీ రెండు చేతులతో గొంతు పట్టి వేసేవాడు, దాని పేరు పంజాబీ ప్లంజ్.

"తనే ఎగురుతాడు" అన్నాను కదా, ఇక్కడ ఆగుదాం. ఇదే ఈ ఎపిసోడ్ మొత్తానికి గుండెకాయ.

ప్రో రెజ్లింగ్‌లో ఎత్తే పనిలో సగం పడేవాడిదే. వర్టికల్ సూప్లెక్స్‌లో పడేవాడు ఎగరకపోతే వాడు గాల్లోకి లేవడు. గాల్లోకి లేచాక తన నడుము బిగబట్టి కర్రలా నిలబడకపోతే ఎత్తినవాడి నడుం విరుగుతుంది. ఇక పడటం. దాన్ని వాళ్ళు బంప్ అంటారు. ట్రైనింగ్‌లో పట్లు నేర్పేముందు ఈ బంపే నేర్పుతారు, అదీ కొన్ని వందల సార్లు. గడ్డం ఛాతీకి ఆనించాలి, లేకపోతే తల వెనక భాగం కొట్టుకుంటుంది. వీపు పైభాగం మొత్తం ఒకేసారి బల్లపరుపుగా తగలాలి. చేతులు పక్కలకి చాచి అరచేతులతో నేలని చరచాలి. సరిగ్గా ఆ క్షణంలో ఊపిరి వదిలెయ్యాలి. మోచెయ్యి ముందు పెట్టావా, చెయ్యి పోయింది. మెడ ముందు పెట్టావా, ఇక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మళ్ళీ కోడి రామమూర్తి గారి ఏనుగు దగ్గరికి రండి. ఏనుగు కాలు నేరుగా ఛాతీ మీద పెడితే పక్కటెముకలు పిండి అయిపోతాయి. మధ్యలో పలక ఎందుకు? బరువు ఒక్క చోట పడకుండా పలక అంతటా పరుచుకోవడానికి. బలం ఆయనదే, కండ ఆయనదే, కానీ ఆ పలక వెనక లెక్క కూడా ఆయనకి తెలుసు. బల్లపరుపుగా పడే రెజ్లర్ తన వీపునే పలకగా మారుస్తున్నాడు. దెబ్బ ఒక్క ఎముక మీద పడకుండా వీపు, భుజాలు, చేతులు అన్నీ పంచుకుంటాయి. సర్కస్ అయినా, రింగైనా, సైన్స్ ఒక్కటే.

రింగ్ కూడా ఒక పలకే. డబ్ల్యూడబ్ల్యూఈ రింగ్ 20 అడుగుల చదరం. అడుగున స్టీల్ దూలాలు, స్టీల్ సిటీ వాళ్ళం కాబట్టి మనకి ఈజీగా అర్థమవుతుంది. దాని మీద చెక్కలు, దాని మీద పలుచటి ఫోమ్, పైన కాన్వాస్ గుడ్డ. పడగానే చెక్కలు కొంచెం కిందకి ఊగుతాయి, దెబ్బలో కొంత అవి మింగేస్తాయి. ధడేల్‌మని సౌండ్ వచ్చేది అందుకే. ట్రాంపోలిన్ కాదు బాబూ, చెక్క మీద పలచని పరుపు, అంతే.

ఇంత నేర్చుకున్నవాళ్ళకి కూడా తప్పులు జరుగుతాయా? జరిగాయి.

తల నేల వైపు పెట్టి దించే పట్టుని పైల్‌డ్రైవర్ అంటారు. కరెక్టుగా వేస్తే పడేవాడి తల నేలకి రెండు మూడు అంగుళాలు పైనే ఉంటుంది. 1997 సమ్మర్‌స్లామ్‌లో ఓవెన్ హార్ట్ దీంట్లోనే ఒక రకం, కూర్చుంటూ వేసేది, స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్‌కి వేశాడు. ఆ రెండు మూడు అంగుళాల గ్యాప్ లేదు. ఆస్టిన్ మెడకి గాయమై కాసేపు చేతులు కాళ్ళు కదలలేదు. ఆ మెడ సమస్య తర్వాత ఏళ్ళ తరబడి ఆయన్ని వెంటాడింది. 1999 అక్టోబర్‌లో డ్రోజ్ అనే రెజ్లర్‌కి పవర్‌బాంబ్ అదుపు తప్పింది. మెడ విరిగింది. ఆ మనిషి మళ్ళీ నడవలేదు. 2009 జూన్ 13న జపాన్‌లోని హిరోషిమాలో మిత్సుహారు మిసావా, ఆ దేశంలో దేవుడిలా చూసే రెజ్లర్, వెనక నుంచి వేసే ఒక సూప్లెక్స్ తీసుకున్నాడు. కొన్ని వేల సార్లు తీసుకున్న పట్టే. రింగులోనే స్పృహ పోయింది, ఆ రాత్రే చనిపోయాడు. ఏళ్ళ తరబడి తల మీద, మెడ మీద పడిన దెబ్బలన్నీ ముందే పోగుపడి ఉన్నాయి.

వీళ్ళు ఎవరూ కొత్తవాళ్ళు కాదు. ఎత్తినవాళ్ళు శత్రువులూ కాదు. అందరూ ప్రొఫెషనల్సే. ఒక్క సెకను, ఒక్క అంగుళం, అంతే తేడా.

ఇక నా కథ. చెప్తానన్నాను కదా.

నేను టెన్త్ రాసిన వేసవి సెలవులు. మా బ్యాచ్‌లో అందరి దగ్గరా రెజ్లింగ్ కార్డులు ఉండేవి. హైట్, వెయిట్, ఛెస్ట్, బైసెప్స్, గుర్తున్నాయా? ఆ కార్డులు గెలుచుకోవడం అయిపోయాక, బీచ్‌కి వచ్చి పట్లు వేసుకునేవాళ్ళం. "ఇసకే కదా, మెత్తగా ఉంటాది" అని ధైర్యం. ఒకరోజు సాయంత్రం నా బెస్ట్ ఫ్రెండ్‌కి వర్టికల్ సూప్లెక్స్ వేశాను. పేరు చెప్పను, వాడు ఇప్పుడు ఈ వీడియో చూస్తుంటాడు. ఎత్తాను. నిజంగా ఎత్తాను. చుట్టూ మావాళ్ళు "ఓ..." అని అరిచారు. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలీదు. దించడం నాకు రాదు. వాడికి పడటం రాదు. అలల దగ్గర తడి ఇసక. తడి ఇసక మెత్తగా ఉండదు ఫ్రెండ్స్, సిమెంటులా ఉంటుంది. వాడు పక్కకి ఒరిగి భుజం మీద పడ్డాడు. టక్ మని సౌండ్. ఆ సౌండ్ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

కాలర్ బోన్ విరిగింది. డాక్టర్ ఎక్స్‌రే చూపించి ఒక్క మాట అన్నారు, "ఇంకో మూడు అంగుళాలు ఇటు పడి ఉంటే మెడ." వాడి అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు తిన్నావా నాయనా" అని అడిగారు. తిట్టినా బాగుండేది. ఇంటికి వెళ్ళి నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "చెప్పాను కదరా, ఎత్తడం ఏటుంది." అంతే. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. కానీ వర్షాకాలంలో భుజం లాగుతుందంటాడు. నా ముందు చెయ్యి పైకెత్తి బ్యాగ్ పెట్టేటప్పుడు ఆ భుజం వాడడు. నేను చూడనట్టు నటిస్తాను.

అందుకని ఆ హాస్టల్ తమ్ముడికి చెప్తున్నా. పరుపు మీద సూపర్ వచ్చింది అన్నావు. సూపర్ రాలేదు తమ్ముడూ, ఆ రోజు అదృష్టం బాగుంది, అంతే. పరుపు మీద పడితే నడుము దిగిపోతుంది, మెడ వంగిపోతుంది, అది ఇంకా డేంజర్. వీడియో పంపొద్దు. పంపినా నేను పెట్టను.

నేర్చుకోవాలని నిజంగా ఉందా? చాలా మంచిది. కానీ తలకిందులుగా నేర్చుకో. ముందు పడటం, తర్వాత ఎత్తడం. జూడోలో పడే పద్ధతికి ఉకెమి అని పేరే ఉంది, మొదటి రోజు నుంచి అదే చేయిస్తారు. దగ్గర్లో మ్యాట్లు, కోచ్ ఉన్న జూడో క్లబ్బుకో కుస్తీ సెంటర్‌కో వెళ్ళు. ప్రో రెజ్లరే అవ్వాలంటే ఖలీ జలంధర్‌లో స్కూల్ పెట్టాడు, అక్కడా మొదలు బంపే. నెలల తరబడి ఉత్తినే పడుతూ ఉండాలి. బోర్ కొడుతుంది. ఆ బోర్ తట్టుకున్నవాడే రెజ్లర్ అవుతాడు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది మాత్రం స్కిప్ చెయ్యకండి. మీ ముందు ఎవరైనా తల మీదో మెడ మీదో పడితే, మెడ నొప్పి అన్నా, చేతులు కాళ్ళు తిమ్మిరి అన్నా, వాణ్ణి లేపి కూర్చోబెట్టకండి. నీళ్ళు తాగించకండి. తల తిప్పకండి. ఎలా పడ్డాడో అలాగే, తల కదలకుండా రెండు చేతులతో పట్టుకుని 108కి ఫోన్ చెయ్యండి. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టి హాస్పిటల్‌కి తీసుకుపోవడం మనవాళ్ళకి అలవాటు. ఆ ప్రయాణంలోనే చిన్న దెబ్బ పెద్దదైపోతుంది. అప్పుడు మేం అదే చేశాం. మెడకి తగల్లేదు కాబట్టి బతికిపోయాం.

ఇప్పుడు మళ్ళీ రెజ్లింగ్ చూడండి. మానెయ్యమని నేను చెప్పట్లేదు, నేనూ మానలేదు. కాకపోతే ఒక చిన్న గేమ్ ఆడండి. ఈసారి మ్యాచ్‌లో ఎత్తేవాణ్ణి చూడకండి, పడేవాణ్ణి చూడండి. గడ్డం ఎప్పుడు ఛాతీకి ఆనించాడో చూడండి. చేతులు ఎప్పుడు చరిచాడో చూడండి. ఎత్తినవాడు దించేటప్పుడు వాడి తల వెనక తన చెయ్యి ఎలా అడ్డం పెట్టాడో చూడండి. లక్షమంది ముందు శత్రువుల్లా కొట్టుకుంటున్న ఇద్దరు మనుషులు, ఒకరి ప్రాణం ఒకరి చేతుల్లో పెట్టి ఎంత జాగ్రత్తగా తిరిగి ఇచ్చేస్తున్నారో కనిపిస్తుంది. అది కనిపించాక ఫేక్ అనే మాట మీ నోటి నుంచి రాదు.

అదీ ఫ్రెండ్స్ ఈరోజు సంగతి. మీకు నచ్చిన పట్టు ఏదో, అది ఏ కుటుంబమో కామెంట్‌లో రాయండి. ఎక్కడ పట్టాడు, ఎటు విసిరాడు, ఎక్కడ దిగాడు, ఈ మూడూ రాయాలి, ఉత్తి పేరు రాస్తే ఒప్పుకోను. ఈ వీడియో మీ హాస్టల్ గ్రూపులో షేర్ చెయ్యండి, ముఖ్యంగా పరుపులు వేసుకునే బ్యాచ్‌కి. బీచ్ రోడ్డుకి వస్తే ఈ విగ్రహం దగ్గర ఒక్క నిమిషం ఆగండి, మన ఉత్తరాంధ్ర మనిషి ఆయన. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అంతవరకు జాగ్రత్త. ఎవరినైనా ఎత్తేముందు, దించడం వచ్చా అని ఒక్కసారి ఆలోచించండి. ఉంటాను మరి, నమస్తే.